అయిదెకరాల తుంపర

కాకినాడ,
ఆదివారం, మధ్యాహ్నం

వసంతా,

నీ ఉత్తరం అందింది. చంటిగాడి పెళ్ళి మాటలు, మీ వీధి చివర గుజరాతీ వాళ్ళు తెరిచిన మిఠాయి కొట్టు, నీ మోకాలి నొప్పి అన్నీ చదివాను. నొప్పికి నేను చెప్పే మందు నువ్వు ఎలాగూ వాడవు కనక దాని జోలికి పోను. చివర్లో కింద గీత గీసి మరీ ఒక ప్రశ్న వేశావే, దానికే ఈ జవాబు. ఆఫీసులో భోజనాల దగ్గర ఎవరో చెప్పారన్నావు: మీ టాంజానియా కప్పల్ని అమెరికా పంపి, అక్కడ జూలలో పిల్లల్ని పెట్టించి, మళ్ళీ విమానంలో వెనక్కి తెచ్చారట, అదంతా ఒక కరెంటు ప్రాజెక్టు వల్లట. "జువాలజీ మేడమ్ గారూ, ఇది పిచ్చా, పుణ్యమా? లెక్కల మనిషికి అర్థమయ్యేట్టు చెప్పు" అన్నావు.

నీకు కప్పలంటే హాస్టల్ రోజుల్నుంచీ గిట్టదు. నా డిసెక్షన్ పెట్టె గదిలోకొస్తే పరుపు చుట్టుకుని పక్క గదికి పోయేదానివి. అలాంటి నువ్వు కప్పల గురించి అడగడమే నాకు పండగ. కాబట్టి పొడుగ్గానే రాస్తాను. ఓపిగ్గా చదువు.

విన్నది నిజమే. ఆ కప్ప పేరు కిహాన్సి తుంపర కప్ప. నువ్వు దార్ ఎస్ సలామ్ నుంచి ఇరింగా వెళ్ళే దారిలో దక్షిణాన కనబడే కొండలు ఉడ్జుంగ్వా. హిందూ మహాసముద్రం మీంచి వచ్చే చెమ్మగాలి ఆ కొండలకి తగిలి లక్షల ఏళ్ళుగా అక్కడి అడవిని తడుపుతోంది. చుట్టూ నేల ఎండిపోయిన కాలాల్లో కూడా కొండల మీద అడవి నిలిచింది. అందుకే అక్కడ ఒక కొండ మీద పుట్టిన జీవం చాలాసార్లు పక్క కొండ మీద దొరకదు. ఆ కొండల అంచు నుంచి కిహాన్సి అనే నది కిలొంబేరో లోయ వైపు దూకుతుంది. పడ్డ నీరు రాళ్ళకి కొట్టుకుని పొగలా లేచి, లోయ గోడల మీది పచ్చికనీ నాచునీ రాత్రనక పగలనక తడిపేది. ఎండాకాలం లేదు, వానాకాలం లేదు, ఆ తడి ఆరేది కాదు. అలా తడిసే నేలంతా కలిపితే అయిదెకరాలు. మీ నాన్నగారి సామర్లకోట పొలమంత కూడా లేదు. ఈ భూమ్మీద ఆ కప్పకి ఉన్న ఇల్లు అంతే.

కప్ప కూడా ఇంటికి తగ్గట్టే ఉంటుంది. బాగా ఎదిగిన ఆడది మూడు సెంటీమీటర్లు దాటదు, మగది ఇంకా చిన్నది. ఒళ్ళు ఆవపిండి రంగు. బయటికి కనబడే చెవిగూబ లేదు. నేను నీకు అన్నిటికంటే చెప్పాలనుకునేది దాని కాన్పు గురించి. కప్పలు నీళ్ళలో గుడ్లు పెడతాయి, గుడ్ల నుంచి తోకకప్పలు వస్తాయి అని మనం ఏడో తరగతిలో బొమ్మ వేశాం కదా. ఈ తల్లి అలా చెయ్యదు. గుడ్లు కడుపులోనే ఉంచుకుంటుంది. తోకకప్ప దశ కూడా కడుపులోనే గడిచిపోతుంది. చివరికి అయిదు మిల్లీమీటర్ల పిల్లకప్పల్ని, నాలుగు కాళ్ళతో సహా, కంటుంది. తల్లి పొట్ట తోలు ఎంత పలచన అంటే లోపలి పిల్లలు బయటికి మసగ్గా కనబడతాయి. ఆ ఉరవడి పక్కన గుడ్లు పెడితే ఎక్కడ నిలుస్తాయి చెప్పు? ఏ కాలంలో చేసుకున్న ఏర్పాటో గానీ భలే తెలివైన ఏర్పాటు.

ఇప్పుడు కరెంటు సంగతి. 1990లలో మీ దేశంలో వరస కరువులు వచ్చి, నీటి మీద నడిచే పవర్ స్టేషన్లు చతికిలబడి, గంటల తరబడి కోతలు పెట్టారు. అప్పటికి నువ్వు అక్కడికి వెళ్ళలేదు. కిహాన్సి దగ్గర ఎనిమిది వందల మీటర్లకి పైబడిన నిలువు ఉంది. అంత ఎత్తు నుంచి గొట్టంలో దించితే కొద్ది నీటితోనే బోలెడు కరెంటు వస్తుంది. పెద్ద జలాశయం అక్కర్లేదు, ఊళ్ళు మునగవు. కాగితం మీద ఇంత శుభ్రమైన ప్రాజెక్టు ఎవరికీ దొరకదు. ప్రపంచ బ్యాంకు, నార్వే, స్వీడన్, జర్మనీ డబ్బిచ్చాయి. 180 మెగావాట్లు. 2000 నాటికి పూర్తిగా పని మొదలెట్టింది. నదిలో పది పాళ్ళు నీరుంటే తొమ్మిది పాళ్ళు గొట్టంలోకి పోయింది. మిగిలిన ఒక్క పాలుతో జలపాతం సన్నబడి, తుంపర ఆగిపోయింది.

ఆ కప్ప అనేది ఒకటుందని మనుషులకి తెలిసింది 1996లో, కట్టుబడి సాగుతుండగా. దార్ ఎస్ సలామ్ యూనివర్సిటీ వాళ్ళు లోయలో జీవజాలాన్ని చూడ్డానికి దిగితే వేలకి వేలు కనబడ్డాయి. అప్పటికి అప్పు మంజూరైంది, యంత్రాలకి ఆర్డర్లు వెళ్ళాయి, కొండలో సొరంగం తవ్వకం నడుస్తోంది. ఈ తేదీల వరస గుర్తుపెట్టుకో. ఉత్తరం చివర్లో నీకు దీంతో పని ఉంది.

నీళ్ళు మళ్ళించాక లోయలో పచ్చిక ఎండడం మొదలైంది. కప్పలు గబగబా తగ్గాయి. 2000 సంవత్సరం చివర్లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూ వాళ్ళు వచ్చి, ప్రభుత్వం అనుమతితో 499 కప్పల్ని పట్టుకెళ్ళారు. అయిదు వందలకి ఒకటి తక్కువ. అక్కడి నుంచి వాటిని మరికొన్ని అమెరికా జూలకి పంచారు. ఒకచోట రోగం తగిలినా ఇంకోచోట మిగులుతాయని.

అసలు కథ ఇక్కణ్ణుంచే. మనవాళ్ళు అనుకుంటారు, గాజు తొట్టెలో పెట్టి పురుగులు వేస్తే కప్ప బతకదా అని. బతకలేదు. అన్ని జూలలోనూ వరసపెట్టి చచ్చిపోయాయి. ఊపిరితిత్తుల్లో పురుగులు కొన్నిటిని తినేశాయి. కొన్నిటికి తిండి సరిపడలేదు. పుట్టిన పిల్లలు నిలవలేదు. 2004 చివరికి అన్ని జూలూ కలిపి డెబ్భై కూడా మిగల్లేదు. ఒహాయోలోని టొలీడో జూ, బ్రాంక్స్ జూ తప్ప తక్కినవన్నీ చేతులెత్తేశాయి. ఒక జాతి మొత్తం రెండు భవనాల్లో, నువ్వు ఊరగాయ పెట్టే జాడీల వరస పట్టేంత చోట్లో ఉండిపోయింది.

ఆ రెండు చోట్లా పనిచేసిన సంరక్షకులు అప్పుడు ఏం చేశారో చెప్తాను. ఒక్కొక్క అవసరాన్నీ విడదీసి చూశారు. మొదటిది నీళ్ళు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, అది కప్ప తోలుకి పనికిరాదు. కాబట్టి నీటిని వడగట్టి, శుద్ధిచేసి వాడాలి. రెండోది తుంపర. టైమర్ పెట్టిన సన్నని నాజిల్స్ రోజంతా కొంతసేపటికొకసారి మంచులా చిమ్మాలి. పంపు ఒక రాత్రి ఆగితే తెల్లారేసరికి నష్టం జరిగిపోతుంది. అలాగని నీరు నిలవకూడదు, నిలిస్తే సూక్ష్మజీవులు పెరుగుతాయి. మూడోది వెలుతురు. లోయలో ఆ పచ్చిక మీద చెట్ల నీడ తక్కువ, సూర్యుడి అతినీలలోహిత కాంతి నేరుగా పడుతుంది. అది లేకపోతే ఒంట్లో విటమిన్ డి తయారవదు, ఎముక గట్టిపడదు. దానికి ప్రత్యేకమైన దీపాలు కావాలి, వాటి సత్తువ తగ్గుతోందా అని మీటరు పెట్టి కొలుస్తుండాలి.

నాలుగోది తిండి. అయిదు మిల్లీమీటర్ల పిల్ల నోట్లో పట్టే పురుగు ఎంతుండాలో ఊహించు. చెమ్మ మట్టిలో ఎగిరే స్ప్రింగ్‌టెయిల్స్ అనే తెల్లటి నలుసుల్ని డబ్బాల్లో పెంచారు. పళ్ళ మీద ముసిరే చిన్న ఈగల్లో ఎగరలేని రకాన్ని సీసాల్లో పెంచారు. అప్పుడే గుడ్డు పగిలిన కీచురాయి పిల్లల్ని పెంచారు. అంటే కప్పల్ని పెంచాలంటే ముందు పురుగుల కార్ఖానా పెట్టాలన్నమాట. అంతా చేసి, ఆ పురుగుల మీద కాల్షియం, విటమిన్ల పొడి చల్లి మరీ వెయ్యాలి. ఎందుకంటే సీసాలో ఒకే మేత తిని పెరిగిన ఈగలో అడవి పురుగులో ఉండే సారం ఉండదు. జూలలో పెంచిన కొన్ని రకాల కప్పలకి విటమిన్ ఎ చాలక నాలుక పనిచెయ్యదు. ఎదురుగా ఈగ ఉంటుంది, కప్ప గురిచూసి నాలుక విసురుతుంది, ఈగ అంటుకోదు. తిండి ముందు కూచుని ఆకలితో చస్తుంది.

అయిదోది వంశం. మిగిలినవి కొద్ది కనక ఎవరి పిల్లలు ఎవరితో జతకడుతున్నాయో చూడకపోతే నాలుగు తరాల్లో అన్నీ ఒకే ఇంటివైపోతాయి. గుంపుల్ని విడదీసి, ఒక జూ నుంచి ఇంకో జూకి మార్చి, పుస్తకం రాసుకుంటూ పోవాలి. ఇంకా ఉంది. జూలో హాయిగా బతికే గుణమున్న కప్పలే ఎక్కువ పిల్లల్ని కంటాయి కాబట్టి, తరాలు గడిచేకొద్దీ తొట్టెకి అలవాటుపడి కొండకి పనికిరానివి తయారయ్యే ప్రమాదం ఉంటుంది. అందుకని ఎంత త్వరగా తిరిగి ఇంటికి పంపితే అంత మంచిది.

ఇవన్నీ కుదిరాక కప్పలు నిలదొక్కుకున్నాయి. వందలయ్యాయి, వేలయ్యాయి.

వసంతా, నీ ప్రశ్నకి నా జవాబు ఇక్కడుంది. నువ్వు కప్పల ఖర్చు అని ఒక పద్దు చూస్తున్నావు. నేను అదే కాగితాన్ని తిరగేసి చదువుతున్నాను. నీటి శుద్ధి, పంపులు, టైమర్లు, దీపాలు, పురుగుల పెంపకం, పశువైద్యులు, రాత్రి కాపలా, ఇదంతా ఆ జలపాతం ఎవరి దగ్గరా పైసా తీసుకోకుండా చేస్తూ వచ్చిన పని. ప్రాజెక్టు నివేదిక రాసిన నాడు ఆ పని విలువ సున్నా అని వేసుకున్నారు, ఎందుకంటే అప్పటికి దానికి ఎవరూ బిల్లు పంపలేదు. బ్రాంక్స్‌లో, టొలీడోలో రాసిన ఖర్చే ఆ తుంపరకి మనిషి చేతికందిన మొదటి బిల్లు. ఆ సున్నా తప్పని తేల్చింది ఆ గాజు తొట్టెలే.

సరే, కప్పలు న్యూయార్క్‌లో పెరుగుతుంటే కొండ మీద ఏం జరిగిందో అడుగుతావు. అక్కడా ఊరుకోలేదు. మిగిలిన నీటినే పైనుంచి సన్నగొట్టాల్లో దించి, లోయ గోడల మీద స్ప్రింక్లర్లు పెట్టారు. పంపు లేదు, నీటి బరువుతోనే చిమ్ముతుంది. కొబ్బరితోటకి మనం పెట్టే పని లాంటిదే గానీ, నిలువు కొండ మీద, ఒక అంతరించిపోయే జాతి కోసం. పచ్చిక తిరిగి చిగిర్చింది. 2003 మధ్యకి కప్పలు ఇరవై వేల దాకా లెక్కకొచ్చాయి. ఇక జూల అవసరమే లేదని అనుకోవచ్చు ఆ అంకె చూస్తే. ఆర్నెల్లు తిరక్కుండా కూలిపోయింది. 2004 జనవరికి వెతికితే వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కనబడ్డాయి, తర్వాత అవీ లేవు. 2009లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ పట్టికలో దాన్ని "అడవిలో అంతరించింది" అన్న గడిలోకి మార్చారు.

కారణాలు ఒకదానిమీద ఒకటి పేరుకున్నాయి. ఆనకట్ట అడుగు మేట కడగడానికి నీళ్ళు వదిలితే ఎగువ పొలాల పురుగుమందులు కొట్టుకొచ్చాయన్న అనుమానం ఉంది. స్ప్రింక్లర్లు కొన్నాళ్ళు మొరాయించాయి. అన్నిటికంటే పెద్దది, చచ్చిన కప్పల ఒంటి మీద కైట్రిడ్ అనే శిలీంధ్రం దొరికింది. మామూలు మాటల్లో బూజే. కప్ప తోలులో కాపురం పెడుతుంది. వాన రాకపోతే రోకలికి కప్పని కట్టి, వేపాకు చుట్టి, ఇంటింటా బిందెతో నీళ్ళు పోయించే మన ఊళ్ళ వాళ్ళకి కప్పకీ నీటికీ ఉన్న లంకె కొత్తగా చెప్పక్కర్లేదు. కప్ప తోలుతో నీళ్ళు తాగుతుంది, తోలుతో కూడా ఊపిరి తీస్తుంది. ఆ తోలు పాడైతే ఒంట్లో సోడియం, పొటాషియం పడిపోయి గుండె ఆగుతుంది.

ఈ బూజు సంగతి ప్రపంచానికి తెలిసిన తీరు కూడా వింతే. మధ్య అమెరికాలో, ఆస్ట్రేలియాలో కొండవాగుల కప్పలు మూకుమ్మడిగా పోతుంటే ఎవరికీ అంతుపట్టలేదు. వాషింగ్టన్ జాతీయ జూలో చనిపోయిన ఒక నీలి విషకప్ప తోలు నుంచి దాన్ని వేరుచేసి, 1999లో పేరు పెట్టారు. అది కొరియా వైపు పుట్టి, ఇరవయ్యో శతాబ్దంలో కప్పల వ్యాపారంతో దేశదేశాలకీ పాకిందని 2018లో జన్యువులు చూసి చెప్పారు. మాంసానికి, పెంపకానికి, చివరికి ఆడవాళ్ళకి గర్భం నిలిచిందో లేదో పరీక్షించడానికి కూడా మనుషులు బతికున్న కప్పల్ని ఓడల్లో, విమానాల్లో తిప్పారు. దాని దెబ్బకి కనీసం 501 జాతులు తగ్గిపోయాయని, వాటిలో 90 అంతరించినట్టే లెక్క అని 2019లో తేల్చారు. ఒక్క రోగం ఇన్ని జాతుల్ని మింగడం మనకి తెలిసిన చరిత్రలో లేదు.

అదే బూజు పనామాలో ఎల్ వాయే దె ఆంతోన్ అనే ఊరికి 2006లో చేరింది. అది వాగు వెంట ఏటా ఇంత దూరం అని లెక్కగా నడిచొస్తుంటే, ముందే చూసిన వాళ్ళు కప్పల్ని ఏరడం మొదలెట్టారు. పెట్టడానికి కడుతున్న భవనం పూర్తికాలేదు. ఏం చెయ్యాలి? ఊళ్ళో ఒక హోటల్లో గదులు అద్దెకి తీసుకుని, వందల కప్పల్ని అందులో దించారు. మనుషులు దిగే గదుల్లో మంచాల బదులు తొట్టెలు, రోజూ తడిగుడ్డలు, పురుగుల డబ్బాలు. అలా దక్కినవాటిలో ఆ దేశపు జాతీయ చిహ్నమైన బంగారు కప్ప ఉంది. వాగు హోరులో కూత వినబడదని అది చెయ్యి ఊపి పలకరిస్తుంది. ఇవాళ అది పనామాలోనూ అమెరికా జూలలోనూ తొట్టెల్లో పిల్లాపాపలతో ఉంది, వాగులో దాదాపు లేనట్టే. వాగులో బూజు మాత్రం ఇంకా ఉంది. తొట్టెలో అయితే మందునీటి స్నానం చేయించి బూజు వదిలించవచ్చు. వాగుకి స్నానం చేయించలేం కదా. దాని దాయాది లిమోసా హార్లెక్విన్ కప్పల్ని తొంభై దాకా 2017లో అడవిలో వదిలి, కొన్నిటి నడుముకి పిసరంత రేడియోలు కట్టి వెంట తిరిగారు. ఎవరు బతుకుతారు, ఎందుకు బతుకుతారు అని నేర్చుకోవడానికి.

అదే పనామా అడవుల నుంచి 2005లో కొన్ని పెద్ద చెట్టుకప్పల్ని అట్లాంటాకి తెచ్చారు. మగది చెట్టు తొర్రలోని నీళ్ళలో పిల్లల్ని కాపలా కాస్తుంది, తన వీపు తోలునే వాటికి తిండిగా పెడుతుంది. ఆ జాతికి శాస్త్రం పేరు పెట్టింది 2008లో, అప్పటికే అడవిలో మాయమవుతోంది. అట్లాంటాలో కప్పలు బతికాయి గానీ సంతానం నిలవలేదు. ఆడకప్పలు అయిపోయాయి. చివరికి టఫీ అని పిలుచుకున్న ఒక్క మగది మిగిలింది. అది 2016 సెప్టెంబర్‌లో పోయింది. దాంతో ఆ జాతే పోయినట్టు లెక్క. తొట్టె ఉన్నంత మాత్రాన కప్ప దక్కదని నీకు చెప్పడానికే ఇది రాశాను. ఏ జాతి గుట్టు దానిది. ఆ గుట్టు పట్టడానికి కావలసినన్ని కప్పలూ, కావలసినంత వ్యవధీ ముందే చేతిలో ఉండాలి. అన్నీ చచ్చాక నేర్చుకున్నది ఎవరికి పనికొస్తుంది?

మళ్ళీ మీ ఊరొద్దాం. 2010 ఆగస్టులో వంద కిహాన్సి కప్పలు అమెరికా నుంచి దార్ ఎస్ సలామ్‌లో దిగాయి. యూనివర్సిటీలో, మీ వాళ్ళు మ్లిమాని అనే ఆ కొండ మీద, వాటికి ప్రత్యేకంగా గదులు కట్టారు. టాంజానియా కుర్రాళ్ళు కొందరు ముందే అమెరికా వెళ్ళి తర్ఫీదు పొందొచ్చారు. లోయలోకి పంపే ముందు జాలీ పంజరాల్లో కొన్నిటిని పెట్టి, బూజు ఏం చేస్తుందో కనిపెట్టారు. 2012 చివర్లో సుమారు రెండు వేల కప్పల్ని తుంపరలోకి వదిలారు. అడవిలో అంతరించిందని ప్రకటించిన ఒక ఉభయచరాన్ని తిరిగి దాని సొంత చోటికి చేర్చడం ప్రపంచంలో అదే మొదలు. ఆ తర్వాతి ఏళ్ళలోనూ విడతలు విడతలుగా వదులుతూ వచ్చారు. స్ప్రింక్లర్లు తిరుగుతూనే ఉన్నాయి, ఆగితే కథ మొదటికొస్తుంది.

ఇక నువ్వు నన్ను నిలదీసే మాట నాకు తెలుసు. "మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఊళ్ళో దీపం వెలగాలా, కప్ప బతకాలా?" అంటావు. దీపం వెలగాల్సిందే. ఆనకట్ట పగలగొట్టమనే మనిషిని నేను కాను. ఫ్యాను కింద కూచుని ఈ ఉత్తరం రాస్తున్నాను, ఆ ఫ్యాను తిరిగే కరెంటులో మన మాచ్‌ఖండ్ నీళ్ళ పాలు ఎంతో కొంత ఉండకపోదు. ఆ మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టు కోసం 1955 నుంచీ డుడుమ జలపాతం నీళ్ళు గొట్టాల్లోకే పోతున్నాయి. ఆ తుంపరలో ఏ కప్ప ఉండేదో వెతకాలన్న ఆలోచనే ఆ రోజుల్లో ఎవరికీ ఉండేది కాదు. కిహాన్సి వాళ్ళు కనీసం వెతికారు, దొరికాక సిగ్గుపడి ఖర్చుపెట్టారు. అందుకు వాళ్ళని మెచ్చుకోవాలి.

నా అభ్యంతరం వేరే. క్యాప్టివ్ బ్రీడింగ్ అనే మాట ఈమధ్య ప్రాజెక్టుల వాళ్ళకి మంచి ఆసరా అయింది. "ఏం ఫర్వాలేదు, నాలుగు జతలు పట్టి జూలో పెంచుదాం, ఇక్కడ పని కానివ్వండి" అనడం తేలిక. మన హైదరాబాద్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. సీసీఎంబీ వాళ్ళ లాకోన్స్ ప్రయోగశాల, నెహ్రూ జూ, అటవీ శాఖ కలిసి మూషిక జింకల్ని పెంచారు, నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదిలారు. అది కుదిరిందంటే వాటిని వదలడానికి నల్లమల నిలిచి ఉంది కాబట్టి కుదిరింది. కిహాన్సి కప్ప దక్కిందంటే ఆ అయిదెకరాల మీద ఇంకా ఎవరో నీళ్ళు చిమ్ముతున్నారు కాబట్టి దక్కింది. బంగారు కప్పకి వాగు ఉంది, కానీ వాగు మంచిది కాదు. అందుకే అది ఇన్నేళ్ళుగా తొట్టెలోనే ఉంది. తొట్టె వ్యవధి కొనిపెడుతుంది, అంతే. ఆ వ్యవధిలో చోటుని బాగుచేసుకుంటే లాభం. చెయ్యకపోతే మీ లెక్కల వాళ్ళ భాషలో అది ఏటేటా పెరిగే వడ్డీ, అసలు ఎప్పటికీ తీరదు.

కాబట్టి పిచ్చా పుణ్యమా అన్నావు కదా, రెండూ కాదు తల్లీ. ఆలస్యంగా చెల్లించిన బాకీ. ఆలస్యం వల్లే అంత ఖర్చైంది. 1996లో కప్ప దొరకడానికి ముందే ఒకే ఒక్క వానాకాలం, ఒక్క ఎండాకాలం, కప్పలు తెలిసిన నలుగురు ఆ లోయలో తిరిగి ఉంటే, పది పాళ్ళలో ఎంత నీరు వదలాలో డిజైన్ కాగితాల మీదే రాసుకునేవాళ్ళు. విమానాలూ, పురుగుల కార్ఖానాలూ ఈ స్థాయిలో అక్కర్లేకపోయేవి. బతికున్న జాతుల్ని లెక్కబెట్టడం కప్పల తక్కెడే, ఒప్పుకుంటాను. అయినా ఆ తూకం వెయ్యకుండా ప్రాజెక్టు లాభనష్టాలు తేల్చడం ఏ ఆడిటింగ్?

అందుకని నీకొక పని చెప్తాను. నీ చేతికి ఆనకట్టో, గనో, రోడ్డో, ఏ పెద్ద ప్రాజెక్టు కాగితాలొచ్చినా, అంకెల కంటే ముందు రెండు తేదీలు చూడు. అప్పు మంజూరైన తేదీ ఒకటి, జీవజాలం సర్వే పూర్తయిన తేదీ ఒకటి. రెండోది మొదటిదాని తర్వాత ఉంటే ఎర్ర సిరాతో ఒక గీత గియ్యి. నాకు రాసిన ఉత్తరంలో గీశావే, అలాంటిదే. ఎందుకని ఎవరైనా అడిగితే కిహాన్సి పేరు చెప్పు, మీ దేశంలో ఆ పేరు అందరికీ తెలుసు.

చంటిగాడి ముహూర్తం తేలగానే ఫోన్ చెయ్యి. మాగాయ మీ తమ్ముడి చేత పంపిస్తున్నాను, ఈసారి కారం తగ్గించాను. మ్లిమానిలో ఆ కప్పల్ని చూసే వీలుంటే వెళ్ళి చూసిరా. గాజు అడ్డం ఉంటుందిలే, పరుపు చుట్టుకుని పారిపోనక్కర్లేదు. చూశాక ఏమనిపించిందో రాయి. "అయినా దండగే" అని రాసినా సరే, అంకెలతో సహా రాయి, నేను మళ్ళీ జవాబిస్తాను.

నీ
జానకి